నేను ఎంచిపెట్టిన కరాటే బడి

వ్యాయామ ఉపాధ్యాయులుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "సార్, మీ అనుభవాలు చెప్పండి" అని అడుగుతుంటారు. నేను గెలిపించిన వాలీబాల్ జట్ల గురించి చెబుతానని వాళ్ళ ఆశ. జట్లు గెలిచిన మాట నిజమే. అందులో నా గొప్ప ఏమీ లేదు, ఆ ఏడు పిల్లలు పొడుగ్గా ఉన్నారు. నా తెలివితేటలు పూర్తిగా బయటపడిన సంగతి వేరే ఉంది. దాన్ని సన్మాన సభల్లో ఎవరూ చదవరు కాబట్టి నేనే చెప్పుకోవాలి.

మాది గిద్దలూరు పక్క పల్లె. ఉద్యోగం మాత్రం సగానికి పైగా మార్కాపురంలో, ఊరి చివర ఉన్న హైస్కూల్లో గడిచింది. మెడలో ఈల ఉన్నవాడికి అన్నీ తెలుసునని మన జనానికి ఒక నమ్మకం. కాలు బెణికితే నా దగ్గరికి వచ్చేవారు. తరగతి గదిలో పాము కనిపిస్తే హెడ్మాస్టరుగారు ముందు నన్ను పిలిచి, తర్వాత తలుపు వేసుకునేవారు. ఒకసారి పెళ్ళి ఊరేగింపును వరసగా నడిపించమని కూడా అడిగారు. నడిపించాను. 'నాకు తెలియదు' అనే మాట నా నోట రాకపోవడం ఉద్యోగానికి ఒక అర్హత అనుకునేవాణ్ణి.

ఒకరోజు ప్రార్థన అయిపోయాక ఒకామె కూతురిని వెంటబెట్టుకుని ఆటవస్తువుల గదికి వచ్చింది. ఆమె చేతులు మోచేతుల దాకా బూడిద రంగులో ఉన్నాయి. మా ఊళ్ళో ఆ రంగు చూశాక ఏం పని అని అడగక్కర్లేదు, పలకల ఫ్యాక్టరీ. పిల్ల మా బడిలోనే ఎనిమిదో తరగతి. వారం నుంచి రావడం లేదని నేను గమనించలేదు.

"సార్, పిల్లకి కరాటే నేర్పియ్యాల. ఊళ్ళో యాడ మంచిగ నేర్పుతారో మీరే చూసి చెప్పాల," అంది.

"ఎందుకమ్మా?"

"భయం పోవాల సార్."

వాళ్ళ కాలనీ నుంచి మా బడికి మూడు కిలోమీటర్లు. దారి పొడుగునా క్వారీల నుంచి తెచ్చి పోసిన రాతి గుట్టలు, మధ్యమధ్య నీళ్ళు నిలిచిన గుంతలు. ఇద్దరు కుర్రాళ్ళు బైకు మీద వచ్చి పిల్ల సంచి లాక్కుని గుంతలో విసిరేశారు. మర్నాడు మళ్ళీ వచ్చి దారికి అడ్డంగా బండి నిలిపి నవ్వారు. అంతే, పిల్ల ఆ రోజు నుంచి గడప దాటనంది.

"వాళ్ళ నాయన బడి మాన్పిస్తా అంటాడు సార్. నాతో పాటు ఫ్యాక్టరీకి తీస్కపొమ్మంటాడు. నేను గొడవ పడితే, సరే, పరీక్షల దాకా చూస్తా, అప్పటికి దీని భయం పోతే చదువుకోనీ, పోకుంటే పనిలోకే అన్నాడు. అందాక నేనే దిగబెట్టి గంట ఆలస్యంగా పనిలోకి పోతా. మేస్త్రికి చెప్పుకున్నా."

మేము మాట్లాడుతుండగా పిల్ల నా బల్ల మీదున్న స్కోరు పలకను వేలి కణుపుతో టక్కున కొట్టి, తల వంచి వింది. తల్లి దాని చేతి మీద ఒకటి వేసి, "ఊరకుండు," అంది. పిల్లకు కుదురు తక్కువ, కరాటేలో చేరితే అదీ వస్తుందని నేను మనసులో రాసుకున్నాను.

"నాలుగు రోజుల్లో చూసి చెప్తానమ్మా," అన్నాను, కరాటే గురించి నాకు అంతా తెలిసినట్టు.

స్టాఫ్ రూములో ఈ సంగతి చెప్పగానే హిందీ మేడమ్ పుస్తకంలోంచి తలెత్తింది. ఆమెది పుట్టిందీ పెరిగిందీ మార్కాపురమే.

"సార్, మీకు కరాటే తెలుసా?"

"దానికేముందమ్మా, చూస్తే తెలుస్తుంది."

"ఓహో," అని మళ్ళీ పుస్తకంలోకి వెళ్ళిపోయింది. ఆమె 'ఓహో' అంటే నాకు మొదటినుంచీ గిట్టదు.

ఊళ్ళో అప్పుడు రెండు చోట్ల నేర్పేవారు. మొదటిది బజారులో, దుకాణాల పైన మేడ మీద. మెట్ల దగ్గరే పెద్ద ఫ్లెక్సీ, అందులో మాస్టరు గాల్లోకి ఎగిరి తన్నుతున్నాడు. కోస్తా వైపు నుంచి వచ్చిన కుర్రవాడు, మంచి మాటకారి. నేను లోపల కాలు పెట్టగానే నలభై మంది పిల్లలను వరస నిలబెట్టి నాకు వంగి దండం పెట్టించాడు. ఫ్యాను కింద కుర్చీ వేయించాడు. కూల్ డ్రింకు తెప్పించాడు. "మీలాంటి సీనియర్లు అడుగుపెట్టడం మా అదృష్టమండి," అని శాలువా కప్పాడు. శాలువా అంత తొందరగా ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుచిక్కలేదు. అద్దాల బీరువా నిండా కప్పులున్నాయి. పిల్లలు ఒక్క గొంతుతో అరిస్తే కింద బట్టల కొట్టువాడు తొంగి చూశాడు. పావుగంటలో నాకు సంతృప్తి కలిగింది.

రెండోది మూతపడిన పలకల ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డులో. నేర్పేది రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దాయన. ఉద్యోగంలో ఉండగా రైల్వే జట్టులో జూడో ఆడేవాడట, మా ఊళ్ళో అదీ కరాటేనే. గుమ్మంలో నన్ను చూసి, "చెప్పులు బయట," అన్నాడు. సార్ అనలేదు. మళ్ళీ నా వైపు చూడలేదు. గోతాల్లో వరిపొట్టు కుట్టి నేల మీద పరిచారు. దాని మీద పదిమంది పిల్లలు పడుతున్నారు, లేస్తున్నారు, మళ్ళీ పడుతున్నారు. ఎడమకు పడటం, కుడికి పడటం, వెనక్కి పడటం. ఇరవై నిమిషాలు నిలబడే చూశాను. కూర్చోవడానికి ఏమీ లేదు.

"దెబ్బలు ఎప్పుడు నేర్పుతారు?" అని అడిగాను.

"ముందు పడనీ."

"ఎన్నాళ్ళు?"

"పడటం వచ్చేదాకా."

"బెల్టులు ఉంటాయా?"

"ప్యాంటు జారితే దారం ఇస్తా."

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ నా నోటుబుక్కులో మార్కులు వేశాను. మేడ మీది బడికి పదికి తొమ్మిది. షెడ్డుకు రెండు, అదీ పెద్దాయన వయసు చూసి. పడటం ఎవరికి రాదు, దానికి బడెందుకు అని పక్కన రాసుకున్నట్టు కూడా గుర్తు.

ఆ పిల్లను మేడ మీద చేర్పించారు. మూడు నెలల్లో పిల్ల చేతులు చకచకా ఆడించడం నేర్చింది. గ్రౌండులో ఒక మూలన వరస తప్పకుండా అడుగులు వేస్తుంటే నేను చూసి మురిసిపోయేవాణ్ణి. తల్లి మాత్రం ఇంకా పొద్దున్నే వచ్చి దిగబెడుతూనే ఉంది.

"ఎట్లుందమ్మా భయం?" అని ఒకరోజు అడిగాను.

"అరవమంటే మా బాగా అరుస్తాది సార్. దారిలో బండి చప్పుడైతే మాత్రం నా కొంగు పట్టుకుంటాది."

"పసుపు బెల్టు రానీ, అదే సర్దుకుంటుంది."

ఆ మాట అంత ధీమాగా ఎలా అన్నానో నాకే తెలియదు. తల్లి నమ్మింది. ఇంటికి పోయి మొగుడితో కూడా అదే చెప్పింది. అతను, "అయితే ఆ బెల్టు పరీచ్చకి నేనే వస్తా. చూసి, మాన్పించేదీ లేందీ అక్కడే చెప్తా," అన్నాడట. ఆ విధంగా పిల్ల చదువు మొత్తం తీసుకెళ్ళి నేను ఒక పసుపు గుడ్డకు కట్టిపెట్టాను.

పరీక్ష ఆదివారం పొద్దున, ఒక కల్యాణ మండపంలో. ముఖ్య అతిథిని నేనే. రెండోసారి శాలువా. నా పక్క కుర్చీలో హిందీ మేడమ్, ఆమె అన్న కొడుకు కూడా అక్కడే నేర్చుకుంటున్నాడు. తల్లిదండ్రులు రెండు వందల మందికి తక్కువ లేరు. మూడో వరసలో ఆ తల్లి, ఆమె పక్కన క్వారీ ఎండకు నల్లబడ్డ మనిషి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పిల్ల తండ్రి అతనేనని చెప్పకుండానే తెలిసింది.

"వేరే ఊళ్ళల్లో పెంకులు పగలగొడతారండి. పలకల ఊళ్ళో ఉండి మనకు పెంకులేంటండి?" అన్నాడు మాస్టరు నాతో. వేదిక మీద రెండు ఇటుకల వరసలు, పక్కన నల్లటి పలకరాళ్ళ దొంతర. రాసుకునే పలకలు కావు, ఇళ్ళల్లో నేలకు పరవడానికి విదేశాలకు పంపేవి, వేలెడు మందం. పిల్లవాడు వచ్చి అరిచి ఒక్క దెబ్బ వేస్తే రాయి రెండు ముక్కలు కావాలి. ఆలోచన భేషుగ్గా ఉందని అతని భుజం తట్టాను.

మొదటి పిల్లవాడు పగలగొట్టాడు. చప్పట్లు మోగిపోయాయి. రెండోవాడు, మూడోవాడు. ఆరోవాడికి వచ్చేసరికి చప్పట్లు పలచబడ్డాయి. వెనక వరసల్లో ఏదో గుసగుస. టిఫిన్ల వేళ దాటింది, ఆకలై ఉంటుందనుకున్నాను.

"సార్, ఆ చప్పుడు విన్నారా?" అంది హిందీ మేడమ్.

"ఏ చప్పుడు?"

"ఏం లేదులెండి," అంది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. మా ఊళ్ళో పలకను ఎంచేది కంటితో కాదు, చెవితో. రాయిలో కంటికి కనపడని సన్నటి పగులు, నెర్రె, ఉంటుంది. వేలి కణుపుతో కొడితే మంచి రాయి ఖణ్‌మని ఇత్తడి చెంబులా పలుకుతుంది, నెర్రె ఉన్నది డబ్‌మని ఊరుకుంటుంది. ఫ్యాక్టరీలో ఆ తల్లి పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసే పని అదే. కొట్టి విని, మంచివి ఇటు, నెర్రెవి అటు. ఆ ఇళ్ళల్లో పసిపిల్లలు కూడా రాయిని తట్టకుండా ముట్టుకోరు. ఇన్నేళ్ళు ఆ ఊళ్ళో ఉండి ఈ సంగతి నాకు తెలియదు. మాస్టరుకు అసలే తెలియదు. పిల్లలు సులువుగా పగలగొట్టాలని అతను ఏదో ఫ్యాక్టరీ వెనక పారేసిన నెర్రె రాళ్ళ కుప్పలోంచి తెచ్చుకున్నాడు. తెచ్చి, జీవితమంతా నెర్రెలు ఏరిన జనం ముందు పెట్టాడు.

మా పిల్ల వంతు వచ్చింది. మాస్టరు చేతిలో మైకు ఉంది. పిల్ల వంగి నమస్కారం చేసింది, ఇటుకల మీద రాయి పెట్టింది, అలవాటు ప్రకారం కణుపుతో టక్కున కొట్టింది. ఆగింది. ఇంకోసారి కొట్టింది.

"మాస్టర్, ఇది నెర్రెది."

మైకులో అది మండపమంతా వినిపించింది.

"ఏం కాదు, కొట్టు," అన్నాడు మాస్టరు నవ్వుతూ.

"ముందే పగిలినదాన్ని ఏం కొట్టేది? మంచిది ఇయ్యండి."

"కొట్టమ్మా, టైమవుతోంది."

పిల్ల తల్లి కొంగు కోసమన్నట్టు మూడో వరస వైపు చూసింది. కానీ చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆ రాయి తీసి పక్కన పెట్టింది. దొంతర దగ్గర కూర్చుని రెండోదాన్ని కొట్టింది. డబ్. పక్కన పెట్టింది. మూడోది. డబ్. మండపంలో గుసగుసలు కూడా ఆగిపోయాయి. ఆపమని మాస్టరు అనబోయాడు, కానీ రెండు వందల మంది వింటుంటే అది ఏమని చెప్పి ఆపుతాడు? పొరపాటున ఆ కుప్పలో పడ్డదేమో, ఎనిమిదో రాయి ఖణ్‌మంది.

"ఆ, అది మంచిది!" అన్నాడు వెనక వరసలో ఒక ముసలాయన, ఉండబట్టలేక.

మండపం గొల్లుమంది. నేనూ నవ్వబోయి, ముఖ్య అతిథిని కదా అని ఆగిపోయాను.

పిల్ల నవ్వలేదు. ఆ మంచి రాయిని ఇటుకల మీద పెట్టి, అరిచి కొట్టింది. పగల్లేదు. మళ్ళీ కొట్టింది. పగల్లేదు. మూడోసారి చెయ్యెత్తేసరికి మాస్టరు పట్టుకున్నాడు. చెయ్యి అప్పటికే వాచింది. అతను మైకు కింద పెట్టి, నెర్రె రాయి ఒకటి ఇటుకల మీదికి జరిపి, గొంతు తగ్గించి బతిమాలాడు. "దీన్ని కొట్టెయ్ పాపా, బెల్టు ఇచ్చేస్తా."

"వద్దు మాస్టర్," అని పిల్ల వంగి నమస్కారం చేసి దిగిపోయింది. తల్లి సీసాలో నీళ్ళు తీసి ఆ చేతి మీద పోస్తూ కూర్చుంది. భర్త వైపు చూడలేదు. చూసే ధైర్యం లేదామెకు. నేనూ చూడలేదు.

"సార్," అంది హిందీ మేడమ్ మెల్లగా, "చూస్తే తెలుస్తుందన్నారు కదా."

తర్వాత సర్టిఫికెట్లు. జనం గొణుగుడు సద్దుమణగాలని మాస్టరు ఆ పిల్ల కార్డునే అందరికంటే పైన పెట్టి నా చేతికిచ్చాడు. నేను మైకులో పిలిచాను. పిల్ల లేచి నిలబడింది, వేదిక దగ్గరికి మాత్రం రాలేదు.

"పగల్లేదు కదా సార్," అంది.

అని కూర్చుంది. 'ఉత్తీర్ణత' అని అచ్చు వేసిన కార్డు పట్టుకుని, రెండో శాలువా కప్పుకుని నేను రెండు వందల మంది ముందు నిలబడ్డాను. నా ఉద్యోగ జీవితంలో అంత చిన్నబోయింది లేదు. ఏదో ఒకటి మాట్లాడాలి. క్రీడల వల్ల ఒనగూరే లాభాల మీద నాకు కంఠతా వచ్చిన ఉపన్యాసం ఒకటి ఉంది, నోరు తెరిస్తే అది కూడా రాలేదు.

"ఈ పిల్లను ఇక్కడ చేర్చమని చెప్పింది నేనే," అన్నాను చివరికి. "నాకు కరాటే తెలియదు."

హిందీ మేడమ్ ఒక్కతే చప్పట్లు కొట్టింది.

బయట చెప్పుల దగ్గర పిల్ల తండ్రి నా కోసం నిలబడి ఉన్నాడు. పక్కన తల్లీ, పిల్లా. తిట్టించుకోవడానికి సిద్ధపడే వెళ్ళాను.

"ఫెయిలైందయ్యా. తప్పు పిల్లది కాదు, నాది. దానికోసం బడి మాన్పించొద్దు," అన్నాను.

అతను పిల్ల వాచిన చేతిని తన అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"అంత పెద్ద మాస్టరు కొట్టు కొట్టు అంటాంటే, ఇంతమంది ముందర వద్దు అనింది సార్ ఇది," అన్నాడు. "ఇరవై ఏండ్లాయ నేను క్వారీకి పోబట్టి. ఈ రాయి బాగలేదు, ఇక్కడ మందు పేల్చొద్దు అని మేస్త్రికి ఒక్కసారి చెప్పలేకపోతి. తెలిసి గూడ నోరు రాలా." కూతురి వైపు తిరిగి, "బడికి పోమ్మా. నిన్ను ఎవురూ మాన్పియ్యరు," అన్నాడు.

తల్లి అప్పుడు ఏడ్చింది. మండపం మెట్ల మీద, అందరూ చూస్తుండగా, బూడిద చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని బోరుమంది. నేను శాలువా తీసి మడత పెట్టాను. చేతులకు ఏదో ఒక పని కావాలి కదా.

"ఈ బెల్టుల బడి మాత్రం వద్దు సార్. ఇంకోటి యాడన్నా ఉందా?" అని అడిగాడు తండ్రి.

రేకుల షెడ్డు సంగతి చెప్పాను.

"మరి ఆయప్ప పేరు ముందే చెప్పొచ్చు గదా?"

మడత పెట్టిన శాలువాను చంకలోకి జరుపుకుని, షెడ్డుకు దారి చెప్పాను.

పది రోజుల్లో చెయ్యి తగ్గింది. పిల్ల పెద్దాయన షెడ్డులో చేరి, ఆ వేసవి సెలవులంతా పడుతూనే ఉంది. తొమ్మిదో తరగతికి ఒంటరిగా నడిచి వచ్చింది. మొదటి నాలుగు రోజులు తల్లి రాతి గుట్టల చాటున వెనకే వచ్చిందని తర్వాత తెలిసింది. ఐదో రోజు ఆ బైకు కుర్రాళ్ళు మళ్ళీ బండి అడ్డం పెట్టారట. పిల్ల కరాటే చెయ్యలేదు, జూడో చెయ్యలేదు. నిలబడి వాళ్ళ బండి నంబరును బిగ్గరగా చదివిందట, ఒకసారి కాదు, మూడుసార్లు. క్వారీ పనివాళ్ళు తలలెత్తి చూశారు. బండి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు.

మాస్టరు వేరే ఊరికి వెళ్ళిపోయాడు. పోయేముందు బడికి వచ్చి నన్ను కలిశాడు. "మా గురువుగారు మాకు నెర్రె పెంకులే ఇచ్చేవారండి. పగిలితేనే కదండీ పిల్లలు రెండో నెల కూడా వచ్చేది," అన్నాడు, దిగులుగా. అతను చెడ్డవాడని నేను అనను. నాకు ఫ్యాను కింద కుర్చీ వేశాడు, నేను తొమ్మిది మార్కులు వేశాను. ఇద్దరం ఒకే తప్పు చేశాం, అతనికి ఊరు మారే వీలుంది, నాకు లేదు.

నేను రిటైరయ్యాను. పోయిన నెల మా అమ్మాయి ఫోను చేసి, "నాయనా, పాపను ఏ కరాటే బడిలో చేర్చాలో నువ్వే చూసి చెప్పు, నీకన్నీ తెలుసు కదా," అంది. నేను ఇంకేమీ చూడలేదు. మనవరాలి చెయ్యి పట్టుకుని నేరుగా రేకుల షెడ్డుకు వెళ్ళాను. పెద్దాయన ఇప్పుడు లేడు. అక్కడ నేర్పేది రాయిని తట్టి చూసిన ఆ పిల్లే, మీలాగే వ్యాయామ ఉపాధ్యాయురాలు, పగలు బడి, సాయంత్రాలు ఈ షెడ్డు. పొట్టు గోతాల మీద పిల్లలు పడుతున్నారు, లేస్తున్నారు.

గుమ్మంలో నేను కనబడగానే ఆమె, "చెప్పులు బయట," అంది. మళ్ళీ నా వైపు చూడలేదు.

లోపల కుర్చీ ఎక్కడైనా ఉందేమోనని చుట్టూ చూశాను. లేదు. మనవరాలిని అక్కడే చేర్చాను.